మిద్దె మీద టర్ఫ్ కోర్టు: గడ్డికంటే ముందు చూడవలసినవి

మీరు రాసిన వివరాలు పూర్తిగా చదివాను. అనంతపురంలో పన్నెండేళ్ల కిందట కట్టిన ఒక అంతస్తు ఇల్లు, పైన 30 అడుగుల వెడల్పు, 52 అడుగుల పొడవున్న మిద్దె, ఒక మూల మెట్ల గది, దాని నెత్తిన నీళ్ల ట్యాంకు. మీ ఇద్దరు పిల్లలు, వీధిలోని వాళ్ల స్నేహితులు సాయంత్రాలు క్రికెట్, ఫుట్‌బాల్ ఆడుకోవడానికి టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, వేయించాలనుకుంటున్నారు. గుత్తేదారు 50 మి.మీ. గడ్డి, అందులో ఇసుక, నల్ల రబ్బరు గుళికలు, స్లాబుకు నేరుగా జిగురు, పిట్టగోడకు బిగించిన పైపుల మీద వల అని లెక్క రాసి ఇచ్చాడు. స్లాబు బరువు ఆపుతుందా, రేపు ఇల్లు కురుస్తుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

టర్ఫ్ వేసుకోవచ్చు. ఆయన రాసి ఇచ్చిన పద్ధతిలో మాత్రం వేయించకండి. రాయలసీమ జిల్లాల్లో మిద్దెల మీద చెమ్మ ఆపే పనులు, ఆట స్థలాల పనులు చాలా ఏళ్లుగా చేయిస్తున్నాను. ఆ అనుభవంతో ఒకే నియమం పెట్టుకున్నాను. మిద్దె మీద పరిచిన ప్రతి వస్తువునూ ఒక్క రోజులో చుట్టి పక్కన పెట్టి, కింద స్లాబును కంటితో చూడగలగాలి. జిగురుతో అతికించిన గడ్డి కింద ఎక్కడ పగిలిందో, నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఎవరికీ తెలియదు. పడకగది పైకప్పులో పెచ్చులు ఊడాకే తెలుస్తుంది. కింద నేను చెప్పేవన్నీ ఈ నియమం చుట్టూ ఉన్నవే.

ముందు బరువు సంగతి. మన దేశంలో ఇంజనీర్లు వాడే ఐ.ఎస్. 875 ప్రమాణం రెండో భాగం, మనుషులు ఎక్కి తిరిగే చదును మిద్దెకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల అదనపు భారం లెక్కవేయమంటుంది. స్లాబు సొంత బరువు దీనికి వేరు. మీ ఇల్లు సరైన డ్రాయింగు ప్రకారం కట్టినదైతే మీకున్న హద్దు ఈ 150 కిలోలు. అదే ప్రమాణం, జనం గుమిగూడే, కుర్చీలు బిగించని స్థలాలకు 5 కిలోన్యూటన్లు, అంటే 500 కిలోలు అడుగుతుంది. ఇంటి మిద్దెకూ, గంటకు ఇంత అని డబ్బు తీసుకునే బాక్స్ క్రికెట్ కేంద్రానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది. పది మంది పిల్లలు ఆడుకోవడం ఒకటి, ఇరవై మంది పెద్దవాళ్లు ఆడుతూ మరో ముప్పై మంది గోడ వెంట నిలబడి కేకలు వేయడం మరొకటి. రెండోది మీ మిద్దె కోసం ఎవరూ లెక్కవేసి ఉండరు.

టర్ఫ్ చుట్ట తేలికే, చదరపు మీటరుకు రెండు మూడు కిలోలకు మించదు. బరువంతా అందులో పోసేదానిది. 50 మి.మీ. గడ్డిలో ఇసుక, రబ్బరు కలిపి చదరపు మీటరుకు 30 కిలోల వరకు పడుతుంది. మీ మిద్దెలో 26 అడుగులు, 45 అడుగుల కోర్టు అనుకుంటే దాదాపు 110 చదరపు మీటర్లు. అంటే మూడు టన్నుల పైచిలుకు. సమానంగా పరచుకున్నాక అది స్లాబుకు పెద్ద భారం కాదు. పరచక ముందే ప్రమాదం. అరవై ఆరు బస్తాలు, ఒక్కోటి 50 కిలోలు, కూలీలు మెట్ల మీదుగా మోసుకొచ్చి సౌకర్యంగా ఉంటుందని ఒకే చోట పేరుస్తారు. నాలుగు చదరపు మీటర్లలో 3,300 కిలోలు పెడితే చదరపు మీటరుకు 825 కిలోలు. హద్దుకు ఐదు రెట్లకు పైనే. ఎవరిచేత పని చేయించినా, బస్తాలు పైకి చేరిన వెంటనే పిల్లర్ల దగ్గర, బీముల వెంట విడివిడిగా పెట్టించండి. బాల్కనీ మీదికి, గోడ దాటి బయటికి చొచ్చుకొచ్చిన స్లాబు మీదికి ఒక్క బస్తా కూడా పోకూడదు.

ఇంకొకటి. కోర్టు చదునుగా రావాలని మూడు అంగుళాల కాంక్రీటు పోద్దామని కొందరు గుత్తేదారులు చెబుతారు. ఆ మూడు అంగుళాల కాంక్రీటు ఒక్కటే చదరపు మీటరుకు 180 కిలోలు. మీకున్న 150 కిలోల హద్దును ఆట మొదలుకాకముందే దాటేస్తుంది, పైగా వాన నీరు పారే వాటాన్ని చెరిపేస్తుంది. ఈ మాట చెప్పిన గుత్తేదారుతో ఇక మాట్లాడవలసిన అవసరం లేదు.

కర్నూలు, కడప వైపు నుంచి ఇది చదివేవారికి ఒక హెచ్చరిక. పాత ఊళ్లలో దూలాల మీద బండలు పరిచి, పైన చౌడు మట్టి కప్పిన మట్టి మిద్దెలు, ఇనుప గర్డర్ల మీద బండలు వేసిన మిద్దెలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి మీద ఏ ఆటస్థలమూ వద్దు. బండ వంగదు, హెచ్చరిక ఇవ్వకుండా విరుగుతుంది. కాంక్రీటు స్లాబు మీద నడవడానికని బేతంచెర్ల బండలు పరుచుకున్న ఇళ్లకు ఈ భయం లేదు కానీ, బండల సందుల్లో సిమెంటు ఊడిపోయి ఉంటే నీళ్లు బండ కిందికి దిగి స్లాబు మీదే నిలిచి ఉంటాయి. ముందు ఆ సందులన్నీ తవ్వి నింపించాలి.

మీ స్లాబు ఆరోగ్యం ఎలా ఉందో ఇంట్లో నుంచే సగం తెలుసుకోవచ్చు. మిద్దె కింద ఉన్న ప్రతి గదిలోనూ పగటి వెలుతురులో పైకప్పు చూడండి. తుప్పు రంగు గీతలు, ఉబ్బిన సున్నం, చువ్వల వరుసలోనే సాగిన పగుళ్లు ఉంటే లోపల ఇనుము తుప్పు పడుతోందని అర్థం. కర్రతో తట్టి చూస్తే కొన్ని చోట్ల డొల్ల శబ్దం వస్తుంది. ఇవి ఉంటే టర్ఫ్ ఆలోచన పక్కనబెట్టి ముందు స్లాబు మరమ్మతు చేయించండి. ఇవి లేకపోయినా స్ట్రక్చరల్ ఇంజనీరును ఒకసారి రప్పించి, పిల్లర్ల మధ్య దూరాలు, స్లాబు మందం, బీములు ఎక్కడున్నాయో చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి. పిల్లర్ల మధ్య 12, 14 అడుగులు ఉన్న గదుల మీద నాకు దిగులు లేదు. మధ్యలో బీము లేకుండా 20 అడుగుల హాలు ఉంటే, దాని మీద పిల్లలు ఒక్కసారిగా ఎగిరినప్పుడు కింద ఫ్యాను ఊగడం కూడా చూశాను. అలాంటి చోటు మీ ఇంట్లో ఉంటే కోర్టును అటు నుంచి జరపండి.

ఇక నీళ్లు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మి.మీ. వాన మాత్రమే పడుతుంది కదా, ఇంత జాగ్రత్త ఎందుకని చాలామంది అడుగుతారు. తక్కువ రోజుల్లో పడేదే ఆ వాన. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్క రాత్రిలో కుండపోతగా పడుతుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగిన సంగతి మీకు తెలుసు. కడప వాళ్లకైతే 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యాం తెగిన వాన గుర్తుంటుంది. గంటలో 50 మి.మీ. పడితే మీ మిద్దె మీద చేరే నీరు ఏడు వేల లీటర్లు దాటుతుంది. అది ఆగకుండా దిగిపోవాలి. నీరు ఒక సెంటీమీటరు నిలిస్తే చదరపు మీటరుకు 10 కిలోలు. గొట్టం మూసుకుపోయి ఆరు అంగుళాలు నిలిచిందంటే 150 కిలోలు, అంటే స్లాబు మీద అనుమతించిన భారమంతా నీళ్లే తినేశాయి. అందుకే కోర్టు వేసే మిద్దెకు కనీసం రెండు నాలుగంగుళాల దిగుడు గొట్టాలు ఉండాలి. వాటితోపాటు పిట్టగోడలో, నేల మట్టానికి రెండు అంగుళాల పైన బయటికి చొచ్చుకొచ్చేలా ఒక పొర్లు గొట్టం పెట్టించండి. ఆ గొట్టంలోంచి ఎప్పుడైనా నీళ్లు పడ్డాయంటే కింద ఏదో మూసుకుపోయిందని వీధిలో వెళ్లేవాళ్లు కూడా చెబుతారు.

వాటం నూటికి ఒకటి ఉండాలి. అంటే పది అడుగులకు ఒకటింబావు అంగుళం దిగాలి. ఈ మాత్రం వాలు పిల్లల ఆటకు అడ్డం కాదు, బంతి తనంతట తాను దొర్లిపోదు. ఎక్కడ వాటం లేక నీళ్లు నిలుస్తున్నాయో ఆ గుంటలను మాత్రమే పాలిమర్ కలిపిన మోర్టారుతో, అంటే సిమెంటు ఇసుక ముద్దతో, పూడ్పించండి. మిద్దె మొత్తానికీ కొత్త సిమెంటు పూత వేయడానికి ఆ సాకు చూపనివ్వకండి.

గడ్డికి అడ్వాన్సు ఇవ్వకముందే మూడు రోజుల నీటి పరీక్ష పెట్టాలి. గొట్టాలకు గుడ్డలు కుక్కి, మెట్ల గది గడప దగ్గర తాత్కాలికంగా సిమెంటు గట్టు కట్టి, మిద్దె మీద అంగుళం లోతు నీళ్లు నింపి 72 గంటలు ఉంచండి. ఒక చిన్న ట్యాంకరు నీళ్లు సరిపోతాయి. మన ఊళ్లో నీళ్లు ఎంత విలువైనవో తెలిసే చెబుతున్నాను. ఈ పరీక్ష తప్పించుకుంటే తర్వాత గడ్డి మొత్తం తీసి మళ్లీ ఇదే చేయాలి. పరీక్ష నీళ్లను వదిలేయకుండా మొక్కలకో, పక్క స్థలంలో కట్టడం పనికో వాడుకోవచ్చు. మూడో రోజు కింద గదుల్లో పైకప్పు, గోడలు పైకప్పును కలిసే మూలలు, ఫ్యాను కొక్కేల చుట్టూ చెమ్మ చూడండి. చాలా ఇళ్లలో నీళ్లు దిగేది స్లాబు మధ్యలో కాదు. పిట్టగోడ స్లాబును కలిసే మూలలో, దిగుడు గొట్టం చుట్టూ, పూర్వం డిష్ యాంటెనాకో సోలార్ హీటరుకో కొట్టిన బోల్టు రంధ్రాల్లో దిగుతాయి.

చెమ్మ ఆపే పూతకు నా ఓటు, ఆరాక రబ్బరులా సాగే పాలియురిథేన్ ద్రవ పూతకే. మూలలన్నింటినీ ముందు సిమెంటుతో గుండ్రంగా తీర్చి, అక్కడ ఫైబర్ జాలీ అద్ది, మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎత్తు వరకు ఎక్కించాలి. మన ఎండలో తారు షీట్లు మెత్తబడి, మీద ఆటల తాకిడికి అతుకుల దగ్గర జరుగుతాయి. అందుకే ఆట ఉండే చోట వాటిని సిఫార్సు చేయను. పూత పూర్తయ్యాక మళ్లీ మూడు రోజులు నీళ్లు నిలిపి చూడండి. ఆ పూత మీద జిగురు పోయడమంటే దాన్ని చేతులారా పాడు చేసుకోవడమే. ఎప్పుడో ఒకనాడు గడ్డి పీకినప్పుడు జిగురుతోపాటు పూత కూడా పొరలు పొరలుగా లేచి వస్తుంది.

అతికించకుండా ఎలా నిలుస్తుందంటే, పొరలు ఇలా వస్తాయి. పూత మీద నీటిని దాటనిచ్చే మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ. దాని మీద 20 మి.మీ. ఎత్తున్న, రంధ్రాల ప్లాస్టిక్ డ్రైనేజీ సెల్ పలకలు, ఒకదానికొకటి కొక్కెం పడేవి. వాటి కింద నీరు గొట్టం వైపు ఆటంకం లేకుండా పారుతుంది. ఆపైన 10 మి.మీ. రంధ్రాల ఫోమ్ ప్యాడ్, దాని మీద టర్ఫ్. ఫోమ్ ప్యాడ్ ఖర్చు తగ్గించుకుందామని ఎవరైనా చెబితే వినకండి. మైదానంలో గడ్డి కింద మట్టి ఉంటుంది, ఇక్కడ కాంక్రీటు ఉంది. వెనక్కి పడిన పిల్లవాడి తలకు ఆ పది మిల్లీమీటర్లే అడ్డం. కింద గదిలో వినిపించే దబదబ శబ్దం తగ్గేది కూడా దానితోనే.

నాలుగు వైపులా కోర్టుకూ పిట్టగోడకూ మధ్య ఖాళీ వదలాలి. టర్ఫ్ చుట్టలు మన దగ్గర ఎక్కువగా రెండు మీటర్ల వెడల్పులో దొరుకుతాయి. మీ 30 అడుగుల్లో నాలుగు చుట్టలు పక్కపక్కన పరిస్తే 8 మీటర్లు, అంటే 26 అడుగుల 3 అంగుళాలు. కోత వృథా ఉండదు, రెండు పక్కలా దాదాపు రెండేసి అడుగులు మిగులుతాయి. ఆ ఖాళీలోనే గొట్టాల నోళ్లు ఉండాలి, వాటి మీద గోపురం ఆకారపు జాలీలు ఉండాలి, చీపురుతో ఎప్పుడైనా ఊడ్చగలగాలి. సరదాకు చెబుతున్నాను, బ్యాడ్మింటన్ కోర్టు వెడల్పు 20 అడుగులు, అంటే 6.1 మీటర్లు. మూడు చుట్టలు వేస్తే పది సెంటీమీటర్లు చాలదు. చుట్టల లెక్క చూసుకోకుండా కోర్టు కొలత నిర్ణయించినవాళ్లు నాలుగో చుట్టకు పూర్తి డబ్బు కట్టి ముక్క కోసి వాడుతుంటారు.

అంచులు లేవకుండా ఉండటానికి మన ప్రాంతంలో చక్కని వస్తువు ఉంది. అంగుళం మందం కడప బండ చదరపు అడుగుకు ఆరు కిలోలు తూగుతుంది. అంచు చుట్టూ గడ్డి మీద అడుగు వెడల్పు బండలు రెండు వరసలు ఒకదానిపై ఒకటి పేర్చి, అంచులు గుండ్రంగా అరగదీయించి, వాటి మీద రబ్బరు పట్టీ అంటిస్తే పిల్లల కాళ్లకు తగలదు. బోల్టు ఒక్కటి కూడా స్లాబులోకి దిగదు. పిల్లలు ఆడే గీతకు బండలు కనీసం రెండు అడుగుల అవతల ఉండేలా చూడండి.

ఇక గడ్డి రకం. 50 మి.మీ. పొడవు పోగు పెద్ద ఫుట్‌బాల్ మైదానం కోసం పుట్టింది. అది నిలబడాలంటే లోపల నింపుడు ఉండాలి. ఇంటి మిద్దె మీద నేను చెప్పేది 25 నుంచి 30 మి.మీ. మధ్య, అడుగున ఉంగరాలు తిరిగిన పోగు దట్టంగా ఉన్న రకం. నింపుడు లేకుండానే నిలుస్తుంది. చదరపు మీటరుకు ఐదు నుంచి ఎనిమిది కిలోల సన్న సిలికా ఇసుక చల్లితే గాలికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇసుక గుండ్రని గింజ ఉన్నదే కావాలి. నెల్లూరు వైపు గూడూరు, చిల్లకూరు నుంచి వచ్చే సిలికా ఇసుక కడిగి ఆరబెట్టినది అడిగి తీసుకోండి. ఏటి ఇసుకలో ఒండ్రు ఉంటుంది, తడిసి గట్టిపడుతుంది. రాళ్లు పొడి చేసిన ఎం శాండ్ గింజలకు పదునైన అంచులు ఉండి పోగులను కోస్తుంది. పోగు పాలిఇథిలీన్‌దై ఉండాలి, అతినీలలోహిత కిరణాలకు తట్టుకునే హామీ రాతలో ఉండాలి, వెనక పొర రంధ్రాలతో ఉండాలి.

నల్ల రబ్బరు గుళికలు వద్దే వద్దు. పాత టైర్లు పొడి చేసి తయారుచేస్తారు. మే నెలలో వాసన వస్తుంది, వేడి పట్టుకుంటుంది, పిల్లల బట్టల్లో ఇంట్లోకి వస్తుంది, తొలి పెద్ద వానకే కొట్టుకుపోయి గొట్టం నోటి దగ్గర పేరుకుంటుంది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన ప్రకారం ఆట మైదానాల్లో పోసే ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకం 2031 అక్టోబరు నుంచి అక్కడ నిషేధం. ఇంటి మిద్దె మీద వాటిని పోసి వీధి కాలువలోకి వదలడానికి మనకు కారణమేమీ లేదు.

ఎండ గురించి గుత్తేదారులు ఎవరూ నోరు విప్పరు. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 2002లో తన సొంత కృత్రిమ మైదానాన్ని కొలిచినప్పుడు, గాలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర ఉన్న రోజున గడ్డి ఉపరితలం 93 డిగ్రీలకు చేరింది. నీళ్లు చల్లితే చప్పున చల్లబడింది కానీ ఇరవై నిమిషాల్లో మళ్లీ వేడెక్కింది. మనకు ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడే 42 దాటుతుంది. మీ కోర్టు అంతటా రెండు మిల్లీమీటర్ల నీరు చల్లాలంటే 220 లీటర్లు కావాలి. ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఇరవై నిమిషాల చల్లదనం కోసం అంత నీరు పోయడం నాకు ఒప్పుదల కాదు. ఎండాకాలంలో ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఆరున్నర తర్వాత మాత్రమే ఆడనివ్వండి. అరచేయి గడ్డి మీద ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే పిల్లలను ఎక్కనివ్వకూడదు. చెప్పులు లేకుండా ఆడటం వేసవి మొత్తం నిషేధం. మిద్దె మీద ఇప్పటికే ఎండ వేడి తగ్గించే తెల్లపూత వేసుకుని ఉంటే, గడ్డి కింద దాని ప్రయోజనం పోతుందని కూడా గుర్తుంచుకోండి. కింద గదిలో పెద్దవాళ్లు ఎవరైనా పడుకుంటే కోర్టును ఆ గది మీదికి రాకుండా జరపడం మంచిది.

గాలి, వలల విషయంలో నాకు భయం ఎక్కువ, ఎందుకంటే ఇది మన ఇంటితో ఆగదు, వీధిలో నడిచేవాళ్ల మీద పడుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు వెలసింది ఈ ప్రాంతపు గాలి బలం చూసే. ఆషాఢం, శ్రావణాల్లో పడమటి గాలి రోజంతా వీస్తుంది, వేసవి చివర గాలివానలు ఉన్నట్టుండి విరుచుకుపడతాయి. ఐ.ఎస్. 875 మూడో భాగం కర్నూలుకు లెక్కవేయమనే గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, గంటకు 140 కిలోమీటర్లు. మీ గుత్తేదారు చెప్పిన పిట్టగోడ నాలుగంగుళాల ఇటుక గోడ. దానికి పైపు బిగించి పదిహేను అడుగుల ఎత్తున వల కడితే, గాలి వల పై భాగాన్ని తోస్తుంది, గోడ అడుగున విరుగుతుంది.

మీ ఇంటికి పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ల చువ్వలు మిద్దె మీద ఉన్నాయా చూడండి. మన దగ్గర చాలా ఇళ్లకు ఉంటాయి. వాటి తుప్పు గీకి, రక్షణ పూత వేసి, చుట్టూ ఒకటిన్నర అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మె పోయిస్తే వల స్తంభానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. చువ్వలు తర్వాతి అంతస్తుకు పనికొచ్చేలా పైన కొంత మిగలాలి, దాన్ని మూత వేసి కప్పాలి. స్తంభం అడుగు పలకను ఆ దిమ్మె పక్కలకు బోల్టులతో బిగిస్తారు. పూత ఎక్కడా చిల్లు పడదు, గాలి తోపు నేరుగా పిల్లరులోకి దిగుతుంది. స్తంభాల మధ్య దూరం పిల్లర్ల మధ్య దూరమే అవుతుంది కనుక వాటి మందం ఇంజనీరు చెప్పాలి. చువ్వలు లేకపోతే బీముల మీద దిమ్మెలు పోయడానికి దారి ఉంది, అదీ ఇంజనీరు చూసి చెప్పవలసిందే.

వల నైలానుది, 40 మి.మీ. గళ్లది సరిపోతుంది. చెరువు మీద వేసే వలలా గాలిని దాటనివ్వాలి. దానికి ఆకుపచ్చ నీడ గుడ్డ కట్టడం, పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టడం అస్సలు కుదరదు. గంటకు 72 కిలోమీటర్ల గాలిలో ఇరవై అడుగులు, పది అడుగుల ఫ్లెక్సీ మీద పడే తోపు దాదాపు 450 కిలోలు. గాలివాన ముందు వలను దించి కట్టేయగలిగేలా కప్పీలతో కట్టించుకోండి. నెత్తిన కూడా వల ఉంటేనే బంతి వీధిలో పడదు. ఆడేది టెన్నిస్ బంతితోనే, తోలు బంతి ఇంటి మిద్దె మీదికి రాకూడదు. పిల్లలు బంతి కోసం పిట్టగోడ ఎక్కే అవసరం ఎప్పుడూ రాకుండా చూడటమే వల అసలు పని.

మీ ఇంటి ముందు కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో రాయలేదు. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల, తీగకు అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలన్నది నిబంధన. స్తంభాలు, వల, వల ఊగే దూరం అన్నీ కలిపి ఆ హద్దు బయట ఉండాలి. ఆ వైపు తీగ ఉంటే నేను ఇంకా ఎక్కువే వదులుతాను, ఎందుకంటే ఇనుప స్తంభం నిలబెట్టేటప్పుడు చేయి జారితే కొలతలు పనికిరావు. స్తంభాలన్నింటినీ రాగి తీగతో కలిపి భూమికి ఎర్తింగ్ ఇప్పించండి. దీపావళికి మాత్రం గడ్డిని చుట్టేసి మూల పెట్టండి. పక్క వీధి నుంచి వచ్చిన తారాజువ్వ దాని మీద పడితే ప్లాస్టిక్ కరిగి మంటలు అంటుకుంటాయి. చుట్టి తీయగలిగేలా వేయమన్నందుకు ఇది ఇంకో కారణం.

పరిచే రోజు సంగతులు తొందరగా చెబుతాను. చుట్టలు విప్పి రెండు మూడు గంటలు ఎండలో వదిలేసి ముడతలు సాగనివ్వాలి. అన్నింటి పోగూ ఒకే దిక్కుకు వాలాలి, లేకపోతే రంగు తేడా కనిపిస్తుంది. అతుకులు ఉదయం చల్లని వేళ, అతుకు పట్టీ మీద వేయించండి. మధ్యాహ్నం జిగురు పట్టకముందే ఆరిపోతుంది. ఇక్కడ జిగురు గడ్డికీ పట్టీకే, స్లాబుకు చుక్క కూడా తగలకూడదు. నాలుగు చుట్టలను రెండేసి చొప్పున అతికించి, మధ్య అతుకును వెల్క్రో పట్టీతో వేస్తే తీయడం ఇంకా తేలిక.

అనుమతుల విషయంలో, పిల్లల కోసం ఇంట్లో వేసుకునే తీసివేయగల గడ్డికీ, మిద్దె మీద శాశ్వతంగా నిలిపే నిర్మాణానికీ తేడా ఉంది. రాష్ట్రంలో 2017 భవన నిబంధనలు అమల్లోకి వచ్చాయి. స్తంభాలు నిలిపే ముందు నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడిగి రాయించుకోండి. డబ్బు తీసుకుని ఆడించే ఆలోచన ఉంటే పన్ను, కరెంటు, బరువు లెక్కలన్నీ మారతాయి, ఇంటి మీద ఆ పని చేయవద్దని నా సలహా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దంపై చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి. మీరు ఎనిమిదిన్నరకే లైట్లు ఆపేస్తే పక్కింటివాళ్లతో మాట రాదు. లైట్ల ముఖం కోర్టు వైపు కిందికి ఉండాలి, ఎదురింటి కిటికీలోకి కాదు.

పోషణ పెద్ద పని కాదు, వదిలేస్తే మాత్రం గడ్డి రెండేళ్లలో చాపలా అణిగిపోతుంది. మన దుమ్ము సన్నది, పోగు అడుగున చేరి వానకు బురదలా గట్టిపడుతుంది. వారానికి ఒకసారి గట్టి నైలాను చీపురుతో పోగు వాలుకు ఎదురుగా దువ్వాలి. బోరు నీళ్ల ఉప్పు తెల్లని మరకలు వదులుతుంది కనుక కడగడం తక్కువ, ఊడవడం ఎక్కువ. వాటం సరిగా లేని చోట డ్రైనేజీ సెల్స్ కింద నీరు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి. వాన పడిన మర్నాడు ఒక మూల ఎత్తి చూడండి. ఏడాదికి ఒకసారి, సెప్టెంబరు రాకముందే, బండలు తీసి, గడ్డి చుట్టి, సెల్స్ ఎత్తి, పూతను పరిశీలించాలి. నలుగురు మనుషులకు ఒక ఆదివారం పని.

పిల్లలకు ఆట మీద నిజంగా పట్టు ఉంటే, మిద్దె మీది కోర్టు సాయంత్రం సరదాకే అనుకోండి. అనంతపురంలోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) క్రీడా గ్రామం ఉంది. రఫేల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ పాఠశాల 2010లో అక్కడే మొదలైంది. పరుగెత్తడానికి నిజమైన నేల, నేర్పించే శిక్షకులు ఉన్న చోటు వాళ్లకు వారంలో కొన్ని రోజులైనా దొరకాలి.

గుత్తేదారు దగ్గర లెక్క మళ్లీ రాయించుకోండి. చెమ్మ ఆపే పూత, డ్రైనేజీ సెల్స్, ఫోమ్ ప్యాడ్, గడ్డి, స్తంభాలు, వల వేటికవే విడిగా ఉండాలి. మొత్తానికి చదరపు అడుగుకు ఇంత అని ఒకే అంకె ఇస్తే ఎందులో కోత పెట్టారో మీకు తెలియదు. పూతకు నీటి పరీక్ష తర్వాతే డబ్బు చెల్లిస్తానని రాయించండి. పూత వేసేవాళ్లు, గడ్డి వేసేవాళ్లు వేరువేరు అయితే ఇంకా మంచిది, ఒకరి పని మరొకరు కప్పిపెట్టరు.

పిల్లర్ల మధ్య దూరాలు, మిద్దె కింది గదుల పైకప్పు ఫోటోలు, దిగుడు గొట్టాలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయో, ఏ వైపు కరెంటు తీగలు ఉన్నాయో చెప్పండి. కోర్టు ఎటు జరపాలో, దిమ్మెలు ఎక్కడ పోయాలో గీసి పెడతాను, దాన్ని మీ ఇంజనీరుకు చూపించవచ్చు.